కరెంటు లేనప్పుడు

కట్టింగు బ్లేడు తిరుగుతున్నంత సేపు
నాకు నత్తి లేదు.

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో ఎవరికీ నోరు పనికిరాదు.
రెండు వేళ్లు చూపిస్తే రెండడుగుల బండ,
అరచెయ్యి బోర్లిస్తే ఆపమని,
మెడ మీద గీత గీస్తే తొట్టిలో నీళ్లు అయిపోయినాయని.
ఆ భాషలో నేను ఎవరికీ తీసిపోను.
కొత్తగా వచ్చినోళ్లు నన్ను చూసే నేర్చుకుంటారు.

కరెంటు పోతాది.
బ్లేడు మూలిగి మూలిగి నిలబడిపోతాది.
అప్పుడొస్తాది నా నత్తి,
గేటు కాడ ఇంతసేపూ కాచుకోనున్నట్టు.

కుళ్ళాయప్ప.
మాయమ్మ మొక్కుకొని పెట్టిన పేరు.
దేవుడు మంచోడే, అక్షరమే గట్టిది.
వేరే మాటలకు ఎట్లో ఒక సందు దొరుకుతాది.
'కు' కాడ గొంతులో తలుపు పడతాది.
లోపల నేను, బయట అడిగినోడు,
గడియ ఏ పక్కనుందో ఇద్దరికీ తెలీదు.

మాయమ్మ వసకొమ్ము అరగదీసి
ఏడు ఆదివారాలు నాలిక మీద రాసె.
వసపిట్ట మాదిరి వాగుతాడని ఎవరో చెప్పినారంట.
వాగినా, లోపల.
ఇప్పటికీ ఆపలేదు.

ఆరో తరగతిలో హాజరు పిలిచేటప్పుడు
'ప్రెజెంట్ సార్'లో 'ప్ర' దాటేలోపల
సారు నా తర్వాత ముగ్గురిని పిలిచేసె.
ఆ రిజిస్టరు ఎక్కడన్నా ఉంటే తీసి చూడండి,
ఆ ఏడు నేను బడికి పోలేదు.
మూడో బెంచీలో, కిటికీ పక్కన,
నూనె పెట్టిన తలతో
రోజూ కూర్చొని పోలేదు.

హోటల్లో ఉగ్గాని బజ్జీ తినాలని పోయి
ఇడ్లీ తిని వస్తా.
'ఇ' జారుతాది, 'ఉ' జారదు.
ఇరవై రెండేండ్లుగా నాకు ఇడ్లీలంటే ప్రాణమని
హోటలు వెంకోబరావు అందరికీ చెప్తాడు.
కాదనాలంటే
'కా'తో మొదలుపెట్టాల.

మంచోళ్లతోనే కష్టం.
నా మాట సగంలో ఉండంగానే
మిగతా సగం వాళ్లే తెచ్చి పెడతారు.
జ్వరమా? అంటారు. నేను అడగబోయింది జీతం.
తల ఊపుతా.
అట్ల నాకు రాని జ్వరాలు ఎన్నో వచ్చినాయి,
కుదరని బేరాలు కుదిరినాయి.
వయసులో ఒకామెతో చెప్పాలనుకున్న మాట
బస్సు టైమా? అయిపోయింది.
నాలుగున్నరకు ఉందని చెప్పింది, పాపం.

మొన్న సోమవారం కరెంటు పోయినప్పుడు
కొత్త పిల్లోణ్ణి మేస్త్రి నారపరెడ్డి అడిగె,
నీ పేరేందిరా?
వాడు నోరు తెరిచె.
ద్... ద్...
గడ్డం వణికె.
కుడికాలి బొటనవేలు బండపొడిలో గుంత తీసె.
ఆ వేలిని నేనెరుగుదు.

నా నోట్లో 'దస్తగిరి' తయారుగా ఉంది.
ఒక్క మాట అందిస్తే వాడు ఒడ్డున పడతాడు.
నా నాలిక మీద ఒక మాట
తడబడకుండా నిలబడింది ఆ ఒక్కసారే,
అదీ ఇంకొకడి పేరు.
పళ్లు బిగబట్టి మింగినా.

మేస్త్రి సెల్లు చూసుకుంటాండాడు.
నేను వాని మొగం చూస్తా ఉంటి.
చూపు తిప్పకుండా ఉండటం ఎంత కష్టమో
అప్పుడు తెలిసె.
నన్ను చూసి పక్కకు తిరిగినోళ్లందరినీ
కొంచెం క్షమించినా.
కొంచెమే.

ద్... ద్... దావీదు.

దస్తగిరి కాదు.

వాడు చెమట తుడుచుకొని నా వైపు తిరిగె.
నీ పేరేంది మామా?

చొక్కా జేబులో ఆధార్ కార్డు ఉంది.
చెయ్యి ఆ పక్కకు పోయింది కూడా.
వెనక్కి తెచ్చుకుంటి.

తడి బండలు ఒక మూల నుంచి ఆరతాండాయి.
కరెంటు ఇంకో గంటకు గానీ రాదన్నారు.

నోరు తెరిచినా.